మిరపకాయ తింటే ఏమీ కాదన్నాను

పశువుల ఆసుపత్రుల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన మీలాంటి పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగాక, "మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?" అని అడుగుతారు. అడ్డం తిరిగిన దూడను బయటికి లాగిన కథో, గేదె పొట్టలోంచి మేకులు తీసిన ఆపరేషనో చెబుతానని వాళ్ళ ఆశ. అలాంటివీ ఉన్నాయి. గొప్పలు చెప్పుకోవడంలో నేనేం తక్కువ తినలేదు. కానీ ఇప్పటికీ తలుచుకుంటే నా అరచేతులకు చెమట పట్టే కేసులో జబ్బుపడింది పశువు కాదు. నేను మందూ ఇవ్వలేదు, సూదీ వెయ్యలేదు. ఫోనులో అర నిమిషం మాట్లాడాను, అంతే.

ఆఖరి పదేళ్ళు నేను పనిచేసింది రామతీర్థం కొండ కనబడేంత దూరంలో ఉన్న ఒక చిన్న పశువుల ఆసుపత్రిలో. రెండు గదులు, ముందు ఒక రేకుల పంచ, పశువును నిలబెట్టడానికి ఇనపగొట్టాల బోను. నేను, ఒక అటెండరు. అటెండరు నాకంటే రెండేళ్ళు చిన్న. ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ముందు ఆయన్ని సలహా అడిగి, అది నచ్చకపోతే నా దగ్గరకు వచ్చేవారు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత నేనూ ముందు ఆయన్నే అడగడం అలవాటు చేసుకున్నాను.

అక్కడ మిరపకాయ గురించి నన్ను అడిగినన్ని ప్రశ్నలు గడ్డి గురించి కూడా అడగలేదు. ప్రతి ఇంటి పెరట్లో నాలుగు మొక్కలు, ప్రతి వాకిట్లో ఆరబోసిన పళ్ళు. మేక గోనెలో తలదూర్చి ఎండుమిర్చి బుక్కిందని ఒకరు, కుక్క పచ్చడి నాకి వాంతి చేసుకుందని ఒకరు. ఒకసారి ఒకావిడ గంపలో ఏడు కోళ్ళను పెట్టుకుని ఏడుస్తూ వచ్చింది. తెల్లారేసరికి చాపమీది మిరపపళ్ళు సగం తినేశాయట, ఇక బతకవని ఆవిడ బాధ. కోళ్ళేమో గంపలోంచి తలలు బయటపెట్టి మా ఆసుపత్రిని తనిఖీ చేస్తున్నాయి. పక్షుల నోటికి కారం తెలియదమ్మా, గింజలు నింపాదిగా తిని హాయిగా తిరుగుతాయి అని నేను చెబితే ఆవిడ నమ్మలేదు. ఒక మిరపపండు తెప్పించి, విరిచి, ఆవిడ ముందే కోడికి పెట్టి చూపించాను. కోడి గుటుక్కున మింగి ఇంకోటి కోసం చూసింది. ఆ కబురు సంతదాకా పోయింది. నాకు 'కారం డాక్టరమ్మ' అని పేరొచ్చింది.

పేరొచ్చాక ఊరుకుంటానా? పశువైద్య శిబిరం ఎక్కడ పెట్టినా ఒక ఉపన్యాసం మొదలుపెట్టేదాన్ని. కోడికి కారం తెలియదు. ఆవుకీ మేకకీ కుక్కకీ మనలాగే తెలుస్తుంది, మండుతుంది. కొంచెం తింటే విషమేమీ కాదు, ఎక్కువైతే నోరూ కడుపూ పుండవుతాయి. అసలు ప్రమాదం గొట్టంతో పట్టడంలో ఉంది. కడుపు ఉబ్బిన ఎద్దుకు మిరపకాయలు, వెల్లుల్లి, వాము నూరి, తల పైకెత్తి వెదురుగొట్టంతో పోస్తారు. మింగలేకపోతే ఆ కారపునీళ్ళు ఊపిరిగొట్టంలోకి పోతాయి. చాలా పశువులు ఉబ్బరంతో కాదు, ఆ వైద్యంతోనే పోతాయి. ఇది చెప్పేటప్పుడు నేను చెయ్యి ఊపుతానని, అచ్చం చర్చిలో ప్రసంగం చేసే మా నాన్నలాగే ఉంటానని మా తమ్ముడు వెక్కిరించేవాడు. ప్రసంగం బాగుంటే వినేవాళ్ళకు పనికొస్తుందో లేదో గానీ, చెప్పేవాళ్ళను మాత్రం కచ్చితంగా చెడగొడుతుంది.

రాష్ట్రం రెండైన మరుసటి ఏడాది వానాకాలం. వరి ఊడుపులు మొదలయ్యాయి. వానల ముందు వెయ్యాల్సిన గొంతువాపు టీకాలు మందు ఆలస్యంగా రావడం వల్ల అప్పుడు వేస్తున్నాం. ఆ పొద్దున ఆరున్నరకే ఒక ఊరి బడి ముందు శిబిరం పెట్టాం. పొలం పనులకు పోకముందే పశువులను తోలుకురమ్మని దండోరా వేయిస్తే ఊరు ఊరంతా వచ్చింది. ఒక ఎద్దు బోను విరగ్గొట్టేలా ఉంది. ఐసు పెట్టెలో ఐసు అప్పుడే కరగడం మొదలైంది. నా ఎడమచేతిలో మందుసీసా, కుడిచేతిలో సిరంజి. అప్పుడు ఫోను మోగింది. భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడాను.

చేసినవాడు నాలుగు కిలోమీటర్ల అవతలి ఊరి రైతు. ఎకరన్నర వరి, ఒక చూడి ఆవు. రాత్రిళ్ళు నెల్లిమర్ల వైపు జనపనార మిల్లు పనికి పోయి పొద్దున్నే ఇంటికొస్తాడు. నెల క్రితం వాళ్ళ ఆవుకు పొదుగువాపు వస్తే నేనే చూశాను, అందుకే నా నంబరు ఉంది.

"మేడమ్, మిరపకాయలు తింటే మనిసికి ఏటైనా అవుతాదా?" అన్నాడు.

"ఎన్ని తిన్నారు?"

"ఆరు, మేడమ్. పచ్చివి. మా ఇంటిది నమిలినాది. నోరంతా మంటెత్తిపోతన్నాది. కళ్ళంట నీళ్ళు ఆగడం నేదు."

నాకు నవ్వొచ్చింది. "పశువులకే ఏమీ కాదు, మనిషికేమవుతుందయ్యా! గంటసేపు మండి తగ్గిపోతుంది. చల్లటి మజ్జిగ పట్టండి. నీళ్ళు కాదు, మజ్జిగ."

"అయితే ఏటీ కాదంటారు?"

"ఏమీ కాదు."

"అమ్మయ్య" అన్నాడు. ఆ అమ్మయ్య ఎంత పొడుగ్గా అన్నాడంటే, ఆరు మిరపకాయలకు అంత నిట్టూర్పు అక్కర్లేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. నేను ఎద్దు మెడ తట్టి సూది దింపాను.

ఇంకో పది పశువులకు టీకా వేశాను. మనసులో ఏదో గుచ్చుకుంటోంది, ఏమిటో తెలియడం లేదు. మందుసీసా మార్చుతుంటే అటెండరు అడిగాడు.

"ఎవలమ్మా ఫోను?"

చెప్పాను. ఆయన చేతిలోని తాడు వదిలేశాడు. "ఆరా? పొద్దుగాలే? ఎందుకు తిన్నాదట?"

"నాకేం తెలుసు? పందెం కాసి ఉంటారు. మొగుడిమీద అలిగి తినుంటుంది."

"ఊడుపులప్పుడు ఎవులమ్మా పందేలు కాసేది? పురుగేటైనా ముట్టిందేమో అడిగినారా?"

అక్కడ పాము కరిచిందని నోటితో అనరు. పురుగు ముట్టింది అంటారు. కరిచింది పామో ఎలుకో తెలియనప్పుడు, ముందు మిరపకాయ నమిలిస్తారు. కారంగా ఉందంటే విషం ఎక్కలేదని, చప్పగా ఉందంటే ఎక్కిందని లెక్క. పశువు నాలుకకు కారం రాసి చూసినవాళ్ళనూ చూశాను. ఇది నాకు తెలియని సంగతి కాదు. చిన్నప్పటినుంచీ తెలుసు. 'కారం డాక్టరమ్మ'ను కదా, మిరపకాయ అనగానే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో అడగాలని తోచలేదు.

వెంటనే ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మూడోసారి, ఫోను పనిచేయడం లేదని వచ్చింది.

"మీరు ఎల్లిపోండమ్మా" అన్నాడు అటెండరు.

"ఇంతమందిని నిలబెట్టి ఎలా వెళ్ళను? ఐసు కరిగితే మందంతా పాడవుతుంది. పై ఆఫీసరుకు ఏం చెప్పుకోను?"

"ఆ కూల్‌డ్రింకుల కొట్టోడి ఫ్రిజ్జుల్లో ఎడతాను మందు. ఎల్లండి బేగి."

ఆ క్షణంలో నేను ఐసు గురించి మాట్లాడానన్నది నిజం. దాచను.

నా స్కూటీ మీద బయల్దేరాను. దారి రెండువైపులా గోగుచేలు, బురద. నాలుగు కిలోమీటర్లూ నాకు నేను నచ్చచెప్పుకుంటూనే పోయాను. పందెమే అయ్యుంటుంది. లేదా ఏదో మొక్కు. వెళ్ళేసరికి ఆ అమ్మాయి ఊడుపుకు పోయి ఉంటుంది, నన్ను చూసి అందరూ నవ్వుతారు, నేనూ నవ్వి మా శిబిరానికి తిరిగొస్తాను. నవ్వులపాలు కావాలని జీవితంలో అంతగా కోరుకున్న రోజు మరొకటి లేదు. ఒకచోట స్కూటీ బురదలో జారి మోకాలు కొట్టుకుంది. లేచి మళ్ళీ ఎక్కాను. ఆ నొప్పి సాయంత్రం గానీ తెలియలేదు.

ఇంటి ముందు జనం ఉన్నారు. అందరి మొహాల్లో నవ్వు. అది చూసి నా ప్రాణం లేచొచ్చింది. ఊడుపు కూలీలు అరుగుమీద కూర్చుని టీ తాగుతున్నారు. నారుకట్టలు మొయ్యడానికి పిలిచిన సామాన్ల ఆటో వాకిట్లో నిలబడి ఉంది. రైతు తల్లి నాకు ఎదురొచ్చింది.

"ఓలమ్మా, మీరే వచ్చేసినారేటి? ఏటీ నేదమ్మా. పురుగు ముట్టిందేమోనని బెంగెట్టుకున్నాం. కారం తెలిసింది. ఎలకే అయ్యుంటాది. మీరు కూడా ఏటీ కాదని సెప్పినారు గదా, అప్పుడు ఊపిరొచ్చింది మాకు."

నా మాట అప్పటికే ఊరంతా తిరిగిందన్నమాట. మిరపకాయ ఒక సాక్ష్యం చెబితే, దాని కింద నేను సంతకం పెట్టాను.

పంచలో కోడలు రాటకు ఆనుకుని కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. పెదాలు వాచి ఎర్రగా ఉన్నాయి. ముక్కు, కళ్ళు కారుతున్నాయి. పక్కన పళ్ళెంలో మిరప తొడిమలు. మొగుడు గ్లాసు పట్టుకుని ఆమె నోటికి పెడుతున్నాడు.

"మీరు సెప్పినట్టే మజ్జిగ పడతన్నాను మేడమ్. మింగడం నేదు. సిన్నపిల్లలాగ మారాం సేస్తన్నాది."

మజ్జిగ ఆమె నోటి మూలనుంచి కారిపోతోంది. కొంచెం ముక్కులోంచి వచ్చింది. ఆమె దగ్గింది. దగ్గు బలంగా లేదు.

నేను గ్లాసు లాగి పారేశాను. చాలా గట్టిగా లాగినట్టున్నాను, అది గోడకు కొట్టుకుంది. నవ్వులు ఆగిపోయాయి.

"కళ్ళు తెరువమ్మా" అన్నాను. ఆమె తెరవబోయింది. నుదురు ముడతలు పడింది, కనుబొమలు పైకి లేచాయి, రెప్పలు మాత్రం సగందాకా వచ్చి ఆగిపోయాయి.

"కారానికి వాసిపోనాయి కళ్ళు" అంది అత్తగారు.

"ఎప్పుడు ముట్టింది?"

"కోడికూతేళకి. కింద సాపమీద పడుకున్నాది. మోసేతికాడ సురుక్కుమన్నాదట. ఆడ ఏటీ కనబడ నేదు. తెల్లారినకాడ్నుంచి కడుపునొప్పి అంతన్నాది. ఊడుపు ఎగ్గొట్టడానికి అనుకున్నాం."

మోచేతి దగ్గర చూశాను. వాపు లేదు. చాలా దగ్గరగా చూస్తే రెండు చుక్కలు, దోమ కుట్టినట్టు. నేల మీద పడుకున్నవాళ్ళను కట్లపాము కరిస్తే వాపు రాదు, నొప్పి రాదు, కడుపునొప్పితో మొదలవుతుంది, ఆ తర్వాత రెప్పలు వాలిపోతాయి. పశువుల డాక్టరుకు కూడా ఆ మాత్రం తెలుసు. ఇవన్నీ ఫోనులో రెండు ప్రశ్నలు అడిగి ఉంటే అరగంట ముందే తెలిసేవి.

"ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇప్పుడే" అన్నాను.

అత్తగారు నన్ను ఎగాదిగా చూసింది. "అదేటమ్మా? ఇందాకల ఏటీ కాదన్నారు, ఇప్పుడు ఆసుపత్రి అంతన్నారు. కారం తెలిసినాక ఇసం ఎక్కడుంతాది?"

"నేను చెప్పింది తప్పు."

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను పదిమంది ముందు ఆ మాట అనడం అదే మొదటిసారి. ఎవరూ కదల్లేదు. ఒప్పు చెప్పినప్పుడు నమ్మినంత తొందరగా, తప్పు చెప్పానంటే నమ్మరు. కూలీల్లో ఒకాయన, "పసువుల డాట్రమ్మకి మనుసుల సంగతేటి తెలుస్తాది" అని గొణిగాడు. అన్నది నిజమే. అరగంట కిందట ఎవరైనా ఆ మాట అని ఉంటే బాగుండేది.

రైతు నా మొహం చూస్తూ నిలబడ్డాడు. రాత్రంతా పనిచేసిన కళ్ళు, జుట్టులో ఇంకా నార పీచు. నాకు ఏం చెయ్యాలో తోచక అతని చెయ్యి పట్టుకుని కిందికి లాగాను.

"ఆవిడ చెయ్యి పట్టుకో. నీ వేళ్ళు గట్టిగా నొక్కమను."

అతను పట్టుకున్నాడు. "నొక్కు" అన్నాడు. మళ్ళీ అన్నాడు, "నొక్కవే, ఒసే, నొక్కు." నారుకట్టలు విసిరే చెయ్యి అది. అతని మొహం మారిపోయింది. ఇంక తల్లివైపు చూడలేదు. పెళ్ళాన్ని రెండు చేతులా ఎత్తి ఆటోలో పడుకోబెట్టాడు.

108కి నేనే ఫోను చేశాను. వాళ్ళు ఇంకో కేసులో ఉన్నారు, ఊరిదాకా రావాలంటే అరగంట పైనే పడుతుందన్నారు. మేము ఎదురొస్తాం, నెల్లిమర్ల రోడ్డెక్కగానే కలవండి అని చెప్పాను. ఆటో వెనక తొట్టిలో తడిసిన గోనెలమీద ఆమెను పక్కకు తిప్పి, తల కొంచెం కిందికి ఉండేలా పడుకోబెట్టాను. నేను ఒకవైపు, మొగుడు ఒకవైపు. అత్తగారు డ్రైవరు పక్కన ఎక్కింది. అంతవరకూ ఆవిడ నన్ను తిడుతూనే ఉంది.

కదిలిన రెండు నిమిషాలకు ఆమె గొంతులో గురగుర వినిపించింది. నోరు తెరిచి చూస్తే దవడల సందున నమిలిన మిరపకాయ తుక్కు. మింగలేక అలాగే ఉంచుకుంది, దానిమీద మేము మజ్జిగ పోశాం. అదంతా జారి ఊపిరిగొట్టంలోకి పోతే ఆసుపత్రి దాకా అక్కర్లేదు. కొంగు వేలికి చుట్టి తుడవబోయాను, అది సరిపోలేదు. వట్టి వేళ్ళతోనే తీశాను. తొక్కలు, గింజలు, జొల్లు. మళ్ళీ ఊరేది, మళ్ళీ తీసేదాన్ని. ఎద్దుల నోట్లో చెయ్యి పెట్టినప్పుడు అవి కరుస్తాయేమోనని భయపడేదాన్ని. ఆ రోజు ఈ అమ్మాయి నా వేళ్ళు కరిస్తే బాగుండునని అనుకున్నాను. దవడ వదులైపోతోంది.

"మేడమ్, కారం తెలిసింది గదా దీనికి" అన్నాడు మొగుడు. మళ్ళీ అదే మాట అన్నాడు. "కారంగా ఉందని దీని నోటితోనే అన్నాది మేడమ్."

"నాలుకకు కారం తెలుస్తుందయ్యా. విషం ఉన్నా తెలుస్తుంది, లేకపోయినా తెలుస్తుంది. దాన్ని బట్టి ఏమీ చెప్పలేం."

"మరైతే పొద్దున్న ఎందుకు సెప్ప నేదు మేడమ్?"

అతను నిందించడానికి అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నేను ఆమె నోట్లోంచి ఇంకో తొక్క తీసి బయట పారేశాను.

ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పశువు డొక్క చూసి లెక్కపెట్టే అలవాటు, అలాగే ఆమె డొక్కమీద చెయ్యి వేసి లెక్కపెట్టాను. మధ్యలో లెక్క తప్పేది. ఆటో గతుకులో పడ్డప్పుడల్లా అది కుదుపో, ఊపిరో తెలిసేది కాదు. ఒక చోట గొర్రెల మంద అడ్డొచ్చింది. డ్రైవరు హారన్ కొట్టాడు, కాపరి తిట్టాడు, గొర్రెలు వాటి తీరులో అవి నడిచాయి. ముప్పై ఏళ్ళు గొర్రెలకు వైద్యం చేసినదాన్ని, ఆ రోజు వాటిని తిట్టినన్ని తిట్లు ఎవరినీ తిట్టలేదు.

రోడ్డెక్కిన చోటే 108 ఎదురొచ్చింది. అందులోని కుర్రాడు ఆమెను చూసీచూడగానే ఒక్క మాట మాట్లాడకుండా ముక్కుకీ నోటికీ మాస్కు పెట్టి గాలిసంచి నొక్కడం మొదలుపెట్టాడు. అప్పటికి ఆమె తనంతట తాను తీసుకునే ఊపిరి పైపైనే ఉంది. విజయనగరం పెద్దాసుపత్రి చేరేదాకా ఆ సంచి నొక్కుతూనే ఉన్నాడు. చెయ్యి నొప్పిపుడితే మొగుడిని నొక్కమని లెక్క చెప్పాడు. ఒకటి, రెండు, మూడు, నొక్కు. ఒకటి, రెండు, మూడు, నొక్కు.

ఆసుపత్రిలో ఆమెను లోపలికి తీసుకెళ్ళాక డాక్టరు బయటికి వచ్చాడు. నా కొడుకు వయసు.

"ఎవరు తీసుకొచ్చారు?"

"నేను. పశువుల డాక్టర్ని."

"నోటికి ఏం ఇచ్చారు?"

"ఆరు పచ్చిమిరపకాయలు. తర్వాత మజ్జిగ."

"మింగలేని మనిషికి మజ్జిగ పట్టమని ఎవరు చెప్పారు?"

"నేనే" అన్నాను.

అతను నన్ను ఏమైనా అంటాడని ఎదురుచూశాను. కాగితం మీద రాసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

వరండాలో బెంచీ మీద నేను, అత్తగారు పక్కపక్కన కూర్చున్నాం. వేళ్ళు నిప్పుల్లో పెట్టినట్టు మండుతున్నాయి. అది మరిచిపోయి కన్ను తుడుచుకున్నాను. ఇక చూసుకోండి. ఒక కన్ను మూసుకుపోయి, బొటబొటా నీళ్ళు. ఆవిడ నేను ఏడుస్తున్నానని అనుకుంది. అప్పటిదాకా తిట్టిన మనిషి నా చెయ్యి పట్టుకుని, "ఊరుకోండమ్మా, అంతా ఆ రామతీర్థం రాముడి దయ" అని ఓదార్చింది. అప్పుడు నిజంగానే ఏడ్చాను. ఆవిడ రాముడికి మొక్కుకుంటూ ఉంది. నేను చిన్నప్పటినుంచీ మా బాప్టిస్టు చర్చిలో చెప్పిన ప్రార్థనే మొదలుపెట్టాను. సగంలో మాటలు గుర్తురాలేదు. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ అక్కడే ఆగాను.

"నానే నమిలించినానమ్మా మిరపకాయలు" అంది ఆవిడ చాలాసేపటికి. "మా యమ్మ అలగే సూసేది. కారం తెలిసినాదనీసరికి నాను ఎంత సంబరపడ్డానో. సంబరపడి టీ ఎట్టినాను అందరికీ."

ఆవిడ టీ పెట్టింది, నేను టీకాలు వేశాను. ఇద్దరం సంబరంగానే ఉన్నాం ఆ పావుగంట.

ఆ అమ్మాయి మూడు రోజులు ఊపిరి మిషను మీదే ఉంది. మొదటి రెండు రోజులు వేలు కూడా కదపలేదు. నేను పొద్దున్న ఒకసారి, డ్యూటీ అయ్యాక ఒకసారి వెళ్ళేదాన్ని. లోపలికి పోనివ్వరు, తలుపు సందులోంచి ఆమె ఛాతీ లేస్తోందా లేదా చూసి వచ్చేసేదాన్ని. మిషను లేపుతోందని తెలుసు, అయినా చూసేదాన్ని. శిబిరంలో మిగిలిన మందును అటెండరు కూల్‌డ్రింకుల మధ్య భద్రంగా దాచాడు, మర్నాడే మిగతా పశువులకు వేసేశాం. పై ఆఫీసరు ఎందుకు ఆపారని అడిగితే, "మేడమ్‌గారు అర్జంటు కేసుకెల్లినారండి" అన్నాడట. ఏ పశువని అడిగితే, "పెద్దదేనండి" అన్నాడట. ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు వారం రోజులు నవ్వుకునేదాన్ని.

నాలుగో రోజు పొద్దున మొగుడు ఫోను చేశాడు. "మేడమ్, నొక్కినాది" అన్నాడు. "నా సెయ్యి నొక్కినాది మేడమ్, గట్టిగా" అని ఏడ్చాడు. నేను బోను పట్టుకుని నిలబడిపోయాను. అటెండరు నా మొహం చూసి, అడక్కుండా కుర్చీ తెచ్చి వేశాడు.

ఇక్కడితో ఆపేస్తే నాకు బాగుంటుంది. చాలామంది దగ్గర ఇక్కడితోనే ఆపేశాను కూడా. పశువుల డాక్టరమ్మ మనిషిని కాపాడిందని ఊళ్ళో చెప్పుకున్నారు. రిటైర్మెంటు సభలో శాలువా కప్పుతూ ఎవరో ఆ కథ చెప్పారు, నేను తల వంచుకుని విన్నాను. మీరు రేపు ఊళ్ళమీదికి వెళ్ళాల్సిన పిల్లలు కాబట్టి మిగతాది చెబుతున్నాను.

రెండు నెలల తర్వాత వాళ్ళ ఆవు ఈనితే దూడను చూడటానికి వెళ్ళాను. కోడలు లేచి తిరుగుతోంది. కొంచెం చిక్కింది, గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. పశువుల సాలలో దూడను పట్టుకుని నిలబడి, నేను బొడ్డుకు మందు రాస్తుంటే మాటల్లో పెట్టింది.

నేను అడిగాను. "ఆ రోజు మింగుడు పడటం లేదని ఎప్పుడు తెలిసింది నీకు?"

"మిరపకాయలు నమిలేటప్పుడే అమ్మా. మొదటి రెండూ మింగినాను. మూడోది దిగ నేదు. గొంతుకి ఏటో అడ్డుపడినట్టుండీది. కళ్ళు కూడా రెండు రెండుగా అవుపడినాయి."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"సెప్పబోయినాను. మావాడు మీకు ఫోను సేసినాడు అప్పుడే. నాకూ ఇనబడినాది, స్పీకరెట్టినాడు. మిరపకాయ తింటే ఏటీ కాదని మీరన్నారు. గంటసేపు మండి తగ్గిపోద్దన్నారు." దూడ మూతిని చీర కొంగుతో తుడిచింది. "అయితే ఇదంతా మిరపకాయ మంటే అనుకున్నాను. డాట్రమ్మే సెప్పినాక ఇంక నానెందుకు గోల సెయ్యడమని ఊరుకున్నాను. మీ మాటంటే మాకంత నమ్మకం గదమ్మా."

నవ్వుతూ, మనస్ఫూర్తిగా అంది. నా ఉద్యోగంలో నన్ను ఎవరూ అంతగా మెచ్చుకోలేదు. నేను దూడ బొడ్డుకు మళ్ళీ మందు రాశాను. అప్పటికే ఒకసారి రాసి ఉన్నానని ఆమె చెబితే గానీ చూసుకోలేదు.